కుక్క అడ్డమొచ్చింది

జనవరి 3, శనివారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి పెంటకుప్ప కెలికినట్టుంది. పోనీ, ఎవరు చూడొచ్చారు గనక.

ఈ డైరీ విత్తనాల దుకాణంవాళ్లు అహ్మద్‌కి ఇచ్చారు. అట్టమీద పత్తికాయ బొమ్మ. మా ఆయన ఏటా ఇలాంటిదొకటి తెస్తాడు, ఏటా నేను అందులో జాకెట్ల కొలతలు రాసుకుంటాను. ఈసారి కొలతలు లేవు. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు. మణికట్టు రెండుచోట్ల విరిగిందన్నారు.

కుక్క అడ్డమొచ్చింది. తమ్ముడి బండి మీద నుంచి పడ్డాను. అంతే.

జనవరి 4

కుక్క అడ్డమొచ్చింది. ఎర్రకుక్క. వేళ్లు లాగుతున్నాయి, ఇక చాలు.

జనవరి 6, మంగళవారం

చూడ్డానికి వచ్చేవాళ్లతో ప్రాణం తోకకొస్తోంది. ఒకరు చాయ్ తాగి లేవగానే ఇంకొకరు. అందరిదీ ఒకటే ప్రశ్న, "ఎట్ల పడ్డవ్ నిఖత్?" అందరికీ ఒకటే జవాబు. చెప్పగా చెప్పగా కుక్క పెరుగుతోంది. మొదట్లో ఊరికే అడ్డమొచ్చింది. నిన్న మొరిగింది. ఈరోజు మీదికి దూకింది కూడా. రంజాన్ నాటికి పులి అయిపోతుందేమో.

అమ్మీ, తమ్ముడు సోహెల్ మాకు రెండిళ్ల అవతల ఉంటారు. మా సందులో ఎర్రకుక్క ఒకటుంది. నాలుగేళ్లుగా అమ్మీ దానికి మిగిలిన రొట్టె పెట్టేది. ఇప్పుడు కట్టె పట్టుకుని నిలబడుతోంది. "నా బిడ్డ చెయ్యి ఇరగ్గొట్టి మళ్ల నా గడపల పంటవా, బేషరమ్!" అని ఒకటే తిట్లు. అది తోకాడిస్తూ నిలబడుతుంది పాపం. రొట్టె ఆలస్యమైందనుకుంటోంది కాబోలు.

అయినా అది మా సందు దాటి, నేను పడ్డ కోట రోడ్డు మీదికి ఎన్నడూ రాదు. సరే, వేరే ఎర్రకుక్క అనుకుందాం. ఊళ్లో కుక్కలకేం తక్కువ.

జనవరి 9, శుక్రవారం

సోహెల్ ఈరోజూ రాలేదు.

వాడు హన్మకొండలో మొబైల్ షాపులో పని చేస్తాడు. మొన్నటి దాకా సాయంత్రం ఇంటికి పోకముందే మా వంటింట్లోకి వచ్చేవాడు. సలాం కూడా చెప్పకుండా గిన్నెల మూతలు లేపి చూసేవాడు. "ఇంట్ల నీకు తిండి పెడ్తలేరా" అని నేను గరిటెతో చేతి మీద ఒక్కటి వేసేదాన్ని. ఇప్పుడు బస్సులో పోతున్నాడు, బస్సులో వస్తున్నాడు. బండి అమ్మీ వాకిట్లో పరదా కింద ఉంది. సొంత జీతంతో కొనుక్కున్న నల్లబండి.

"పోరడు బాగ బెదిరిండు. మెల్లగ సదురుకుంటడు తీ" అన్నాడు అహ్మద్.

ఈ రోజుల్లో నా మిషన్ పక్కన ఈద్ బట్టలు కుప్పగా ఉండాలి. ఇద్దరు వచ్చారు, నా చెయ్యి చూశారు, రెడీమేడ్ కొనుక్కుంటామని పోయారు. కత్తెర ఎప్పుడు పట్టుకోవచ్చని డాక్టర్‌ని అడిగితే "చూద్దాం అమ్మా" అన్నాడు. చూద్దామంటే ఏమిటి? పద్దెనిమిదేళ్ల నుంచి ఈ చేత్తోనే కదా నేను బతుకుతున్నది. భయమేస్తోంది.

జనవరి 12

అహ్మద్ చీమకు కూడా దారిచ్చే మనిషి. ఈరోజు ఎర్రకుక్కను రాయితో కొట్టాడట. కుంటుతోంది. నాకు అన్నం దిగలేదు.

జనవరి 17, శనివారం

పెద్దదవాఖానకు పోయాం. ఎముకల డాక్టర్ గది ముందు బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి అహ్మద్ చీటీ కోసం లైన్లో నిలబడ్డాడు. నా పక్కన మరిపెడ దగ్గరి ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ. పేరు మొగిలమ్మ. భుజం ఎముక విరిగి చెయ్యి మెడకు కట్టి ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"కండ్లు తిరిగినయ్ బిడ్డా. కొడుకు బండెనక కూసున్న, కండ్లు తిరిగినయ్, పడ్డ."

కొడుకు రాయమల్లు స్తంభానికి ఆనుకుని నేలకేసి చూస్తున్నాడు. పాతికేళ్లు ఉంటాయేమో, మా సోహెల్ ఈడువాడు. తల ఎత్తలేదు.

మొగిలమ్మ పడ్డప్పటి చీరే ఇంకా కట్టుకుని ఉంది. నా కళ్లు ముందు బట్ట మీదికే పోతాయి, ఏం చేయను, పాపిష్టి అలవాటు. అంచు ఒకచోట నల్లగా ఉంది, చైన్ గ్రీసు. ఆ పక్కనే చిరుగు. మేకుకు తగిలితే బట్ట మూలగా చిరుగుతుంది. ఇది అలా లేదు. నమిలి ఉమ్మేసినట్టు మెలితిరిగి దారాలు సాగి ఉన్నాయి.

కళ్లు తిరిగితే చీర అంచుకు గ్రీసు ఎందుకంటుతుంది?

అలాంటి చిరుగు నేను ఇంకొకటి చూశాను. ఎక్కడో కూడా తెలుసు. ఏమీ అడగకుండా ఇంటికొచ్చేశాను.

జనవరి 18, ఆదివారం

ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున దాచిన బురఖా తీసి చూశాను. అదే గ్రీసు. అదే చిరుగు.

కుక్క అడ్డం రాలేదు.

రాసేశాను కాబట్టి మొత్తం రాస్తాను. బండి కొన్న రోజు దాని వెనక చక్రానికి ఎడమపక్క జాలి ఉండేది. శారీ గార్డు. ఆడవాళ్ల చీరలు, చున్నీలు చక్రంలో పడకుండా కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు. వారం తిరక్కుండానే సోహెల్ దాన్ని పీకించాడు. "అది తియ్యకురా, ఎనక అక్కలు, అమ్మలు కూసుంటరు" అని అహ్మద్ చెప్తూనే ఉన్నాడు. "దుల్హాభాయ్, జాలి ఉంటె పాలోని బండి లెక్క కనవడ్తది" అని వీడు నవ్వాడు. అహ్మద్ కోపంతో రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

డిసెంబర్‌లో ఆ ఆదివారం మా మామూ ఇంటికి దావత్‌కు పోతున్నాం. ఒకపక్కకు కూర్చున్నాను. గాలికి బురఖా అంచు జారింది. కాలి కింద ఎవరో లాగినట్టయింది, "సోహెల్" అనే లోపల రోడ్డు మీద ఉన్నాను. వాడు బండి పడేసి పరుగెత్తుకొచ్చాడు. చక్రంలో చిక్కిన గుడ్డ చూశాడు. వాడి మొహం నేను చచ్చేదాకా మరిచిపోలేను. అప్పటికి నాకింకా నొప్పి మొదలు కాలేదు. ముందుగా నా నోట్లోంచి వచ్చిన మాట, "కుక్క అడ్డమొచ్చిందని చెప్పు."

తమ్ముణ్ని కాపాడాననుకున్నాను. అహ్మద్ తిట్లు తప్పించానని, అమ్మీ ఏడుపు తప్పించానని. ఐతే మరి వాడు మా గడప ఎందుకు తొక్కడం లేదు? తప్పు ఉంటే తిట్టొచ్చు, తిట్టి మాఫ్ చేయొచ్చు. తప్పే లేకుండా చేశాక నేను మాఫ్ చేసేదేముంది, వాడు అడిగేదేముంది?

జనవరి 21, బుధవారం

ఈరోజుది ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఎక్స్‌రే కోసం మళ్లీ పోయాం. మళ్లీ అదే బెంచీ, మళ్లీ మొగిలమ్మ. అహ్మద్ ఎక్స్‌రే కవరు తేవడానికి పోయాడు. నేను ఆమె చెవి దగ్గరికి వంగి అడిగాను.

"పెద్దమ్మా, చీరె చక్రంల పడ్డదా?"

"మెల్లగ!" అని నా మోకాలు గిల్లింది. "పోరడు ఇంటడు. ఆల్ల నాయినకు తెలిస్తె తోలు తీస్తడు." నా కట్టు వైపు చూసి, "నీకెట్ల తెలుసు?" అంది.

నా బురఖా సంగతి చెప్పాను. "మరి నువ్వేం చెప్పినవ్ ఇంట్ల?" అంది.

"కుక్క."

ఆమె నవ్వాపుకోలేక మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలో బెంచీ చివర కాలికి కట్టుతో కూర్చున్నావిడ మావైపు తిరిగి మెల్లగా అంది, "నాది గుంత అని చెప్పిన అక్కా. చున్నీ." ముగ్గురం పగలబడి నవ్వాం. నర్సమ్మ కసిరింది. నవ్వు ఆగాక ముగ్గురిలో ఎవరికీ ఒకరి మొహం ఒకరు చూడబుద్ధి కాలేదు.

అప్పుడే వచ్చాడు ట్రాఫిక్ కానిస్టేబుల్ శ్యాంసుందర్. జనవరి రోడ్డు భద్రత నెల కదా, బండ్ల మీద నుంచి పడ్డవాళ్లనల్లా ఎట్లా పడ్డారో అడిగి ఫోన్లో ఎక్కిస్తున్నాడు. మంచివాడే, మాటకారి. "హెల్మెట్లు జర పెరిగినయ్, తాగి నడిపేటోల్లు జర తగ్గిన్లు. గని ఎనక కూసున్న ఆడోల్లు పడుడు మాత్రం పెరుగుతాంది. అడిగితె కుక్క అంటరు, గుంత అంటరు, కండ్లు తిరిగినయ్ అంటరు. ఏం తింటాన్లో ఏమో, మన దిక్కు ఆడోల్లకు కండ్లు మస్తు తిరుగుతానయ్" అన్నాడు.

మొగిలమ్మ గంభీరంగా తలూపింది. "అవు సారు, నాకు గూడ కండ్లే. వచ్చే బుధవారం మేడారం జాతరకు పోవాలె, అమ్మ దగ్గర నిలువెత్తు బంగారం, గదే బెల్లం, జోకిస్తనని మొక్కుకున్న."

"ఎట్ల పోతవ్ పెద్దమ్మా, ఈ చేతితోని?" అన్నాను.

"ఎట్లేంది? పోరని బండెనకనే."

అదే బండి. అదే చక్రం. ఒక్క చెయ్యి మెడకు కట్టి ఉంది, పట్టుకోవడానికి రెండో చెయ్యి ఒక్కటే. జాతర రోడ్డు, వెనకాముందూ బస్సులు. నా నోరు ఆగలేదు.

"అన్నా, నాది కుక్క కాదు. రాసుకో. నా బురఖా చక్రంల పడ్డది. మా తమ్ముడు జాలి పీకేసిండు. ఈ పెద్దమ్మది గూడ కండ్లు కాదు, చీరె. ఆ అక్కది గుంత కాదు."

"నీ నోట్ల మన్నువడ!" అని మొగిలమ్మ లేచింది. "నా కొడుకు ముచ్చట నీకెందుకే!" రాయమల్లు గబగబా బయటికి పోయాడు. శ్యాంసుందర్ ఫోన్ పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

వెనక్కి తిరిగితే అహ్మద్. చేతిలో ఎక్స్‌రే కవరు.

ఇంటికొచ్చాక నాకు నీళ్లు కూడా ఇవ్వకుండా వంటింట్లోకి పోయాడు. గిన్నెలో పాలు పోసుకుని సందులోకి నడిచాడు. కిటికీలోంచి చూశాను. ఎర్రకుక్క ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

జనవరి 22, గురువారం

సోహెల్ వచ్చాడు.

అంటే, అహ్మద్ పోయి తీసుకొచ్చాడు. వాడు గడపలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. చెంప మీద పడుతుందని కళ్లు మూసుకుని ఉన్నాడు.

"జాలి యాడ పారేసినవ్?" అన్నాడు అహ్మద్.

"సారంగపాణన్న మెకానిక్ షాపుల."

"షాపు తెరిచినంక పోదాం. ముందు మీ ఆపాతోని మాట్లాడు." ఇంతే. నన్ను మాత్రం వదల్లేదు, "ఒక మూగజీవి కాలు నాతోని ఇరగ్గొట్టిస్తివి నిఖత్" అన్నాడు.

సోహెల్ నా పిండికట్టు వైపే చూస్తూ అన్నాడు, "నువ్వు ఒక్కసారన్న తిట్టి ఉంటె మంచిగుంటుండె ఆపా. ఎవలొచ్చినా కుక్క అంటివి. ఆ కుక్కను నేనే అనిపిస్తుండె."

తిట్టమన్నాడు కదా, తిట్టాను. ఐదు వారాలది కలిపి తిట్టాను. "నీ బండి మీద నిప్పులువడ, నీ షోకు మీద మన్నువడ, నా చెయ్యి పోతె నీ తాత వచ్చి కుడ్తడారా బట్టలు!" అమ్మీ ఏదో జరిగిందని చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. తిడుతూ ఏడ్చాను, వాడూ ఏడ్చాడు. సంగతి విన్న అమ్మీ కొడుకు వీపు మీద రెండు వేసింది. ఆనక తలపట్టుకుని కూర్చుంది, "అయ్యో అల్లా, ఆ కుక్క ఉసురు తాకుతది నాకు."

కాసేపటికి వంటింట్లో గిన్నె మూత చప్పుడైంది.

జనవరి 24, శనివారం

సారంగపాణి షాపు సంగతి సోహెల్ చెప్పాడు. షెడ్డు వెనక మూలన జాలీల గుట్ట ఉందట. తుప్పుపట్టినవి, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పనివి. "తియ్యుమన్నోల్లే గని, మల్ల పెట్టుమన్నోడు నువ్వే మొదలు తమ్మీ" అన్నాడట సారంగపాణి.

సోహెల్, అహ్మద్ తమ బండికి బిగించుకోవడమే కాదు, రాయమల్లు బండికి సరిపోయేది కూడా ఒకటి వెతికి తెచ్చారు. నేనే అడిగాను. మొగిలమ్మ బుధవారం బండెక్కుతుంది. నా మాట రాయమల్లు వినడు, వాళ్లమ్మ అసలే వినదు. వింటే సోహెల్ మాట వినాలి.

ఈరోజు మొగిలమ్మ చూపించుకోవడానికి వస్తే దవాఖాన బండ్ల స్టాండ్‌లో కలిశాం. రాయమల్లు ముందు గింజుకున్నాడు. "కొత్త బండన్నా. జాలి పెడితె..."

"పాలోని బండి లెక్క కనవడ్తది" అని సోహెల్ పూర్తి చేశాడు. "నేను గూడ అదే అన్న." సంచిలోంచి నా పాత బురఖా తీసి బండి సీటు మీద పరిచాడు, చిరిగిన చోటు పైకి వచ్చేట్టు. "మా ఆపా దర్జీ పని చేస్తది. ఇది ఆమె కుడిచెయ్యి."

రాయమల్లు చాలాసేపు ఆ చిరుగు చూశాడు. "మా అమ్మకు కండ్లు తిరగలే అన్నా" అన్నాడు. పానా తనే తీసుకున్నాడు.

మొగిలమ్మ మెట్ల మీద కూర్చుని అంతా చూసింది. నా మీద కోపం పోయిందో లేదో తెలియదు, కానీ నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టుకుంది. శ్యాంసుందర్ కూడా వచ్చాడు. ఫోన్లో వెతికి వెతికి, "దీనికి గడి లేదక్కా, 'ఇతరములు' అని కొట్టిన" అన్నాడు. వాళ్ల ఎస్సైకి చెప్పాడట, గడి పెట్టిస్తానన్నాడట. అంతకంటే మంచిమాట ఇంకొకటి చెప్పాడు. జాతర బండ్లన్నీ ములుగు రోడ్డు మీద పెట్రోల్ బంకు దగ్గర ఆగుతాయి. సారంగపాణి ఒప్పుకుంటే ఆ గుట్ట మొత్తం అక్కడికి తెద్దామన్నాడు.

జనవరి 27, మంగళవారం

ఒళ్లంతా దుమ్ము, గొంతు పోయింది. రెండు రోజులు బంకు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సారంగపాణి, సోహెల్ జాలీలు బిగిస్తారు. శ్యాంసుందర్ బండ్లు ఆపుతాడు. చలానా అనుకుని సగంమంది పారిపోజూస్తారు. బిగించేలోపు ఆడవాళ్లకు నేను కొంగు ఎట్లా దోపుకోవాలో, చున్నీ ఎక్కడ ముడేయాలో చూపిస్తాను.

"గా బుర్ఖామె చెప్తాంది ఇనుండ్లి, ఆమె పడ్డదంట" అని ఒకావిడ తన వాళ్లందరినీ పిలిచింది. ఎట్లా పడ్డావని వాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. కుక్క కంటే ఇదే తేలిక. పెంచాల్సిన పని లేదు.

జాలి వద్దని పోయినవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. ఒకడు నన్ను చూసి నవ్వాడు. వాడి వెనక కూర్చున్న ఆమె మాత్రం కొంగు దగ్గరికి లాక్కుంది.

జనవరి 30

కట్టు విప్పారు. చెయ్యి నాది కానట్టుంది, ఎండి ముడతలు పడింది. గుప్పిట మూయమంటే సగం దాకా వచ్చి ఆగిపోయింది. మేడారం నుంచి ఏ కబురూ లేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే రాయమల్లు ఎత్తలేదు.

జనవరి 31

కబురు లేదు. యా అల్లా.

ఫిబ్రవరి 2, సోమవారం

తలుపు కొడితే తీశాను. రాయమల్లు, వెనక మొగిలమ్మ! జాతరలో సిగ్నల్ ఉండదట, ఆ తర్వాత ఫోన్ నీళ్లలో పడిందట. నా ప్రాణాలు ఇక్కడ నీళ్లలో పడ్డాయి, అది వాడికేం తెలుసు.

మొగిలమ్మ మెడకు కట్టిన చేత్తోనే వచ్చింది. కొంగు నడుముకు గట్టిగా దోపుకుని ఉంది. బెల్లం ముద్ద నా కుడిచేతిలోనే పెట్టింది. "బంగారం. పట్టుకో బిడ్డా, గట్టిగ పట్టుకో." వేళ్లు మూసుకోలేదు. ఆమె తన చెయ్యి మీద పెట్టి మూసింది.

"పోంగ గూడ, రాంగ గూడ మావోడు ఎనక్కి తిరిగి తిరిగి చూసిండే. ముందు చూడురా అని నేనే మొత్తుకున్న" అని నవ్వింది. అమ్మీ ఆమెకు అన్నం పెట్టింది. ఎర్రకుక్కకు ఎముకలు పెట్టింది.

ఫిబ్రవరి 8

కత్తెర ఎత్తాను. పడిపోయింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పాత దుప్పటి మీద కత్తిరించి చూశాను. గీత వంకరటింకరగా పోయింది. వంకరైతేనేం, కత్తెర నడిచింది కదా! దవాఖానలో వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ రమ్మంది. నెల తిరిగేసరికి మిషన్ ఎక్కొచ్చంది. ఈద్‌కు అన్నీ కుట్టలేను, కొన్నైనా కుడతాను. ముందు సోహెల్ కుర్తా. వాడు రెడీమేడ్ వద్దంటున్నాడు, చెయ్యి ఒకటి పొడుగైనా సరేనంటున్నాడు.

ఫిబ్రవరి 17, మంగళవారం

కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమచేతిదే నయంగా ఉంది, అయినా ఇదే నాది.

ఇన్నాళ్లూ వ్యాయామానికి ఆటోలోనే పోయాను. సోహెల్ బండి బయటికి తీస్తున్నాడు కానీ వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోవడం లేదు. ఈరోజు నేనే పోయి వాడి బండి దగ్గర నిలబడ్డాను.

"ఆటో పిలుస్త ఆపా."

"నీ బండి ఉండంగ ఆటో ఎందుకు?"

"వద్దాపా. నాతోని గాదు."

"నాకు గూడ భయమైతాంది" అన్నాను. "ఇద్దరం కలిసి భయపడుకుంట పోదాం, నడువ్."

బురఖా అంచు దగ్గరికి మడిచి మోకాళ్ల కింద పెట్టుకున్నాను. వాడు దిగి జాలి కదిలించి చూశాడు. ఎక్కాడు. మళ్లీ దిగి నా బురఖా చూశాడు. అమ్మీ గడపలో నిలబడి దువా చదువుతోంది. "అరేయ్, మగ్రిబ్ నమాజు దాకా ఇట్లనే చూస్తనే ఉంటవా" అని అహ్మద్ లోపలి నుంచి కేక వేశాడు.

బండి కదిలింది. కుడిచేత్తో వాడి భుజం పట్టుకున్నాను. పట్టు ఉంది. వాడికి తెలిసింది కాబోలు, భుజం కొంచెం ఎత్తి పెట్టాడు.

సందు మలుపు దాకా పోయామో లేదో, గోడ పక్కనుంచి ఎర్రకుక్క కుంటుకుంటూ వచ్చి సరిగ్గా మా ముందు నిలబడింది. సోహెల్ మెల్లగా బ్రేకు వేసి కాళ్లు ఆనించాడు. అది మమ్మల్ని చూసింది, తోకాడించింది, తీరిగ్గా అవతలికి పోయింది. వాడి వీపు అదురుతోంది. ఏడుస్తున్నాడేమోనని వంగి చూశాను. నవ్వుతున్నాడు.

ఈసారి నిజంగానే కుక్క అడ్డమొచ్చింది. మేం పడలేదు.